నాకు ఈత రాదు, పడవలోనే కూర్చోనా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నాకు 47 ఏళ్లు. మా పెద్దమ్మాయి ఉద్యోగంలో చేరాక కూడబెట్టిన డబ్బుతో జనవరి చివర్లో ఇంటిల్లిపాదినీ అండమాన్ తీసుకువెళ్తానంటోంది. అందులో ఒక రోజు హేవలాక్ దీవిలో మా ఐదుగురికే ఒక యాట్ (విహారానికి వాడే పడవ) మాట్లాడి, పగడపు దిబ్బల దగ్గర స్నార్కెలింగ్ చేయిస్తుందట. అంటే మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగున ఉన్నవి చూడడమట. మావారికి 53. బీపీకి మాత్రలు వాడుతున్నారు. నాగావళిలో ఈత కొడుతూ పెరిగిన మనిషి కావడంతో "నాకు లైఫ్ జాకెట్టు ఎందుకు" అంటున్నారు. అత్తగారికి 70 దాటాయి, మోకాళ్ల నొప్పులు. బాబుకు 11. నాకు ఈత రాదు, లోతు నీళ్లంటే భయం. పైగా తడిబట్టలతో నలుగురిలో ఉండాలంటే ఇబ్బంది. అందుకని నేనూ అత్తగారూ పడవలోనే కూర్చుంటాం, మిగిలిన ముగ్గురూ దిగితే చాలనుకుంటున్నాను. మరి అలాంటప్పుడు అంత ఖర్చుపెట్టి విడిగా పడవ మాట్లాడడం దండగ కాదా? అందరూ వెళ్లే పడవలో వెళ్తే సరిపోదా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగింది ఖర్చు గురించి. కానీ నాకు వినిపించింది, "నేను దిగను" అని ముందే తేల్చేసుకున్న మనిషి గొంతు. కాబట్టి ఆ సంగతే మొదట చెబుతాను. మీరు దిగండి. విడి పడవ మాట్లాడవలసింది ముఖ్యంగా మీ కోసమే. మీరు ఎలాగూ దిగనంటే మాత్రం ఆ ఖర్చు దండగే, అందరి పడవలో వెళ్లి రండి.

ఈ మాట ఊరికే అనడం లేదు. మాది విజయనగరం. నాకూ ఈత రాదు. మొదటిసారి హేవలాక్ వెళ్లినప్పుడు చాలామందితో కలిసి ఒక పడవలో ఎలిఫెంట్ బీచ్‌కు వెళ్లాను. దిగగానే వరుసలో నిలబెట్టారు. ముందువాళ్లు తీసిన మాస్కును ఒకసారి నీళ్లలో జాడించి నా ముఖానికి తగిలించారు. గొట్టంతో ఊపిరి ఎలా తీసుకోవాలో ఒక్క నిమిషంలో చెప్పేసి, రబ్బరు చక్రం పట్టుకోమని లోపలికి లాక్కుపోయారు. మాస్కులోకి నీళ్లు వచ్చాయి. ఉప్పునీళ్లు మింగాను. కళ్లు గట్టిగా మూసుకుని, ఒడ్డు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూశాను. ఒక్క చేపను కూడా చూడకుండా తిరిగి వచ్చాను. నాకిది పడదులే అని చాలాకాలం అనుకున్నాను.

కొన్నేళ్ల తరువాత తమ్ముడి కుటుంబంతో మళ్లీ వెళ్లాం. ఈసారి చిన్న పడవ, మాకు మాత్రమే. మన ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అండమాన్‌లో చాలా ఉన్నాయి. మా పడవ నడిపిన అబ్బాయి కూడా అలాంటి ఇంటివాడే, తెలుగులోనే మాట్లాడాడు. అతను నన్ను దిగమనలేదు. పడవ మెట్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో ఆడించమన్నాడు. తరువాత మాస్కు పెట్టుకుని ముఖం ఒక్కటే ముంచమన్నాడు. ముంచాను, భయపడి లేపాను, మళ్లీ ముంచాను. అరగంట అదే పని. వెనుక వరుసలో ఎవరూ లేరు కనుక ఎవరూ తొందరపెట్టలేదు. అలా ఎన్నోసారో ముంచినప్పుడు, బాణలిలో ఆవాలు చిటపటలాడినట్టు ఒక చప్పుడు వినిపించింది. మాస్కు పగిలిందేమో అనుకున్నాను. పగడాల సందుల్లో ఉండే చిన్న రొయ్యలు పటకారు లాంటి కాలిని టక్కున మూసినప్పుడు పుట్టే నీటిబుడగ చిట్లి అలా మోగుతుందని ఆ అబ్బాయి చెప్పాడు. వేలకొద్దీ రొయ్యలు ఒకేసారి. ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలని నేనే కళ్లు తెరిచాను. తరువాత గంటసేపు పడవ ఎక్కలేదు.

విడి పడవకు ఇచ్చే డబ్బుతో మీకు దొరికేవి ఈ రెండే: తొందరలేని సమయం, నలుగురి కళ్లకు దూరంగా కాస్త చాటు. మెత్తటి సీట్లు, తెల్లటి తెరచాప, ఫొటోలు వీటి తరువాతివి. మీ అమ్మాయికి ఈ మాట చెప్పండి. ఎక్కువ చోట్లు చుట్టబెట్టే ప్యాకేజీ వద్దు, ఒకటి రెండు చోట్ల ఎక్కువసేపు ఆగే పడవ చాలు.

బట్టల సంగతి. నిండు చేతుల ఈత చొక్కా, చీలమండల దాకా ఉండే బిగుతు ప్యాంటు దొరుకుతున్నాయి. ఇప్పుడు ఆడా మగా అందరూ అవే వేసుకుంటున్నారు. ఎండ నుంచి, పగడాల గీతల నుంచి, జెల్లీ చేపల నుంచి కాపాడేవీ అవే. చీర, చున్నీ, నైటీ మాత్రం నీళ్లలో వద్దు. అవి నీటిని నింపుకుని కాళ్లకు చుట్టుకుంటాయి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే చొక్కా లోపల ఉంచి మెడ దాకా జిప్పు వేసుకోండి. తళతళలాడే గొలుసులు, గాజులు, జుంకాలు గదిలోనే వదిలేయండి. మెరిసేదాన్ని చిన్న చేప అనుకుని వచ్చే పెద్ద చేపలు కొన్ని ఉన్నాయి. అంతకంటే ముఖ్యంగా, నీళ్లలో జారిన బంగారం మళ్లీ దొరకదు.

ఇక మాస్కు. ప్రయాణానికి నెల ముందే మీ ముఖానికి సరిపోయేది కొనుక్కోండి. పట్టీ తలకు వేయకుండా మాస్కును ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చేయి వదిలినా అది ముఖానికి అంటుకుని ఉంటే మీ కొలత అదే. జారితే మీది కాదు. మీవారికి మీసం ఉంటే దాని సందుల్లోంచి నీళ్లు వస్తాయి. పై పెదవి మీద కాస్త వాసెలిన్ రాస్తే తగ్గుతుంది. ముఖం మొత్తం కప్పే కొత్తరకం మాస్కులు చూడడానికి సుఖంగా కనిపిస్తాయి గానీ నాకు నమ్మకం లేదు. నాసిరకం వాటిలో మనం వదిలిన గాలే మళ్లీ మనకు వస్తుంది, కంగారులో చటుక్కున తీయడమూ కష్టం. కళ్లూ ముక్కూ కప్పే మాస్కు, విడిగా నోటిలో పెట్టుకునే గొట్టం, ఈ పాత పద్ధతే మేలు. అద్దాలు వాడేవారైతే పవర్ ఉన్న మాస్కులు కూడా ఉన్నాయి.

కొన్నాక ఇంట్లో మొదలుపెట్టండి. మొదటి రెండు రోజులు మాస్కు, గొట్టం పెట్టుకుని టీవీ ముందు కూర్చుని నోటితోనే ఊపిరి తీయండి. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి, వాళ్ల చేత కూడా చేయించండి. మూడో రోజు వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి ముఖం ముంచండి. మొదట పది అంకెలు, తరువాత ఇరవై, తరువాత వంద. నిదానంగా, లోతుగా ఊపిరి. గొట్టంలో కావాలని కొంచెం నీళ్లు పోసుకుని, "హుప్" అని ఒక్క ఊదుతో బయటకు చిమ్మడం నేర్చుకోండి. ఈ ఒక్క పని చేతనైతే సగం భయం పోతుంది. గొట్టంలోకి నీళ్లు వస్తే చచ్చిపోతాం అన్నదే కదా అసలు భయం.

ఇప్పుడు మీవారి గురించి. మీ కుటుంబంలో నాకు ఎక్కువ దిగులు కలిగించింది మీరు కాదు, ఆయనే. దయచేసి ఈ భాగం ఆయన చేత చదివించండి.

నదిలో ఈత వేరు, ముఖం కిందికి పెట్టి సముద్రం మీద తేలడం వేరు. నాగావళిలో తల పైకి ఉంటుంది, గట్టు కనిపిస్తూ ఉంటుంది. ఇక్కడ చూపంతా కిందే. చేపల వెంట చూస్తూ పది నిమిషాలు గడిపి తలెత్తితే పడవ ఎక్కడో ఉంటుంది, ప్రవాహం మోసుకుపోయిన సంగతే తెలియదు. అప్పుడు ఈత వచ్చిన మనిషి ఏం చేస్తాడు? బలమంతా పెట్టి ఎదురీదుతాడు. ఆ సన్నటి గొట్టంలోంచి వచ్చే గాలి అంత శ్రమకు చాలదు. పైగా శరీరం నీళ్లలో ఉన్నప్పుడు కాళ్లలోని రక్తం ఛాతీ వైపు నెట్టుకొచ్చి గుండెకు పని పెరుగుతుంది. బీపీ ఉన్నవారికి, యాభై దాటినవారికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం వచ్చే ప్రమాదం ఇక్కడే ఉంది. అది నీళ్లు మింగకుండానే జరగవచ్చు. అందుకే ప్రయాణానికి ముందు డాక్టరు దగ్గరకు వెళ్లి "అండమాన్ వెళ్తున్నాం" అని కాకుండా "గొట్టంతో ఊపిరి తీస్తూ సముద్రంలో ఈదవచ్చా" అని స్పష్టంగా అడగమనండి. ఆ ఉదయం మాత్ర మానకూడదు. ముందు రాత్రి గానీ పడవలో గానీ మద్యం వద్దు.

ఇంకొకటి. చిన్నప్పుడు ఏట్లో మునిగి ఎవరు ఎక్కువసేపు ఉంటారో అని పందాలు కాసి ఉంటారు. గబగబా నాలుగైదు పెద్ద ఊపిరులు తీసుకుని మునగడం అందరూ చేసేదే. అలా చేస్తే ఒంట్లో ప్రాణవాయువు పెద్దగా పెరగదు, బొగ్గుపులుసు వాయువు మాత్రం తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలన్న తపన పుట్టించేది ఆ రెండోదే. అది తగ్గితే తపన పుట్టకుండానే, హెచ్చరికే లేకుండా స్పృహ తప్పుతుంది. గజ ఈతగాళ్లు లోతులేని నీళ్లలో చనిపోవడానికి ఇదొక కారణం. మీ బాబు నాన్నను చూసి అదే చేస్తాడు. కాబట్టి మునగడాలు, పందాలు ఆ రోజు వద్దు. జాకెట్టు అందరికీ ఉండాలి, ఈత వచ్చిన వారితో సహా. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవుల దాకా లేచే జాకెట్టు పెద్దదైనట్టు లెక్క. బాబుకు పిల్లల కొలత జాకెట్టు ఉందో లేదో ముందే ఫోనులో అడగండి, అక్కడికి వెళ్లాక కాదు. ఎవరికి ఆయాసం వచ్చినా, దగ్గు మొదలైనా వెల్లకిలా తిరిగి, గొట్టం తీసేసి, చేయి పైకెత్తి పిలవాలి. ఈదుకుంటూ పడవ దగ్గరకు రావాలని చూడకూడదు.

పడవ వాళ్లను అడగవలసినవి చాలానే ఉన్నాయి. యాట్ అని చెప్పి చిన్న స్పీడు బోటు చూపించే చోట్లు ఉంటాయి, కాబట్టి అదే పడవ ఫొటో, దాని అనుమతి పత్రం అడగండి. మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే చోటు ఉన్నాయా? ఆడవాళ్లకు ఇది చిన్న ప్రశ్న కాదు. మరుగుదొడ్డి లేదని పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగకుండా ఎండలో కూర్చునే ఆడవాళ్లను నేను చూశాను. మన ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మనకు తెలుసు. మీ ఇంట్లో ఎవరికైనా రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే కొలత) ఎక్కువ ఉంటే నీళ్లు ఎంత తాగాలో, ఒళ్లు నొప్పులకు ఏ మాత్ర వేసుకోవచ్చో డాక్టరునే అడగండి, సొంతంగా నొప్పి మాత్రలు మింగవద్దు.

మనతో నీళ్లలోకి దిగేవారు ఎందరు? ఈత రానివారు ఇద్దరికి ఒక మనిషైనా ఉండాలి. మనం దిగినప్పుడు పడవలో ఒకరు మనవైపే చూస్తూ ఉంటారా? మనుషులు నీళ్లలో ఉన్నంతసేపూ ఇంజన్ ఆపుతారా? ధర పడవకా, మనిషికా? భోజనం, మాస్కులు, ప్రవేశ రుసుము అందులోనే ఉన్నాయా? గాలి పెరిగి పడవలను ఆపేస్తే డబ్బు తిరిగి ఇస్తారా, మరో రోజు తీసుకువెళ్తారా? దీనికి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఏ ప్రశ్నకైనా "అదంతా మేం చూసుకుంటాం మేడమ్" అనే వాళ్లకు ముందుగా డబ్బు కట్టవద్దు.

జనవరి చివర మంచి కాలమే. అక్టోబరు, నవంబరు అయితే వద్దనేదాన్ని. 2014 అక్టోబరు 8న అండమాన్ దీవులను దాటిన హుద్‌హుద్ తుపాను నాలుగు రోజులకు విశాఖ మీద పడి మనల్ని కూడా ఎలా వణికించిందో గుర్తుండే ఉంటుంది. జనవరిలో ఇంకా ఈశాన్య గాలి ఉంటుంది కనుక, ఆ రోజు దీవిలో గాలి తగలని వైపు ఏదో అటే తీసుకువెళ్లమనండి. అక్కడ మనకంటే ముందే తెల్లవారుతుంది, సాయంత్రం ఐదున్నర లోపే పొద్దు గుంకుతుంది. ఉదయం ఏడింటికల్లా పడవ ఎక్కితే నీళ్లు నిదానంగా ఉంటాయి.

రోజు ఎంచుకునే వీలుంటే పంచాంగం చూడండి. పౌర్ణమికీ అమావాస్యకూ ఆటుపోట్లు పెద్దవి, ప్రవాహం జోరు. అష్టమి, నవమి ప్రాంతంలో అవి చిన్నవి, నీళ్లు నెమ్మది. మన తీరంలో వల వేసే ఎవరిని అడిగినా చెబుతారు. అష్టమి అంటే మీ అత్తగారు వద్దనవచ్చు. ఇల్లు వదిలి బయలుదేరేది మంచి తిథిలోనే, ఇది నడుమ వచ్చే రోజు అని చెప్పండి.

అత్తగారికి పడవ ఎక్కడమే పెద్ద పని. ఆటు సమయంలో పడవ జెట్టీ కంటే బాగా కిందికి ఉంటుంది, అప్పుడు మోకాళ్లతో దిగడం కష్టం. పోటు మీద ఎక్కించమని అడగండి. ఆవిడను నీళ్లలోకి దింపవద్దు గానీ, ఉత్తచేతులతో కూర్చోబెట్టవద్దు కూడా. అడుగున అద్దం బిగించిన బకెట్టు ఉంటే పడవ అంచు నుంచే నీళ్లలోకి చూడవచ్చు, ముందే అడిగి ఏర్పాటు చేయించండి. పోర్ట్ బ్లెయిర్‌కు ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు. ఆ ఊరికి ఎదురుగా ఉన్న నార్త్ బే దీవి దగ్గర అద్దాల అడుగు పడవలు నడుస్తాయి. ఒక పూట ఆవిడ కోసం అక్కడ కేటాయించండి. మన పాత ఇరవై రూపాయల నోటు మీద ఉన్న దృశ్యం ఆ దీవిదేనని చెబితే ఇంకా ముచ్చటపడతారు.

పడవలో తలతిరుగుడు ఉంటే డాక్టరు చెప్పిన మాత్ర బయలుదేరడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక కాదు. ఉదయం రెండు ఇడ్లీలు చాలు. ఖాళీ కడుపుతోనూ వెళ్లవద్దు, పూరీ కూరతోనూ వెళ్లవద్దు.

మన కళింగపట్నంలోనో బారువలోనో ఇవన్నీ ఎందుకు కనబడవని బాబు అడుగుతాడు. వంశధార, నాగావళి తెచ్చే ఒండ్రుతో మన తీరపు నీళ్లు మసకగా ఉంటాయి. పగడాలకు తేటనీళ్లు, వెలుతురు కావాలి. పగడం రాయి కాదు, చిన్న చిన్న ప్రాణుల కాలనీ. వాటి ఒంట్లో నివసించే సూక్ష్మమైన నాచు ఎండతో ఆహారం తయారుచేసి వాటికి పెడుతుంది. నీళ్లు మరీ వేడెక్కితే ఆ నాచు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. 2010లోనూ 2016లోనూ అండమాన్ పగడాలు ఇలా తెల్లబడ్డాయి. బండలాంటి పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గొప్ప. ఒక్కసారి దాని మీద నిలబడితే ఎన్నో ఏళ్ల పెరుగుదల కాలికింద నలిగిపోతుంది. భయం వేసినప్పుడు కాళ్లు కిందికి దించాలనిపిస్తుంది, అదే వద్దు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని వెల్లకిలా తిరగండి, జాకెట్టు మిమ్మల్ని తేలుస్తుంది. ఇది కూడా ఇంట్లో మంచం మీద సాధన చేయవచ్చు.

చేపలకు బ్రెడ్డు ముక్కలు వేయమని ఎవరైనా ఇస్తే తీసుకోకండి. చచ్చిన పగడం ముక్క అందంగా ఉందని సంచిలో వేసుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, విమానాశ్రయంలో సామాను తనిఖీ చేస్తారు. ముక్కుతో పగడాన్ని కరకరా కొరికే రంగుల చిలుక చేపను బాబుకు చూపించండి. అక్కడి తెల్లటి ఇసుకలో చాలా భాగం అది కొరికి, అరిగించుకుని వదిలిందే. తాబేలు కనిపిస్తే అదృష్టం. శ్రీకూర్మంలో దండం పెట్టుకునే మనం అక్కడ దాన్ని తాకకుండా, తరమకుండా, దూరం నుంచే చూద్దాం.

జెల్లీ చేప తగిలితే రుద్దవద్దు, మంచినీళ్లు పోయవద్దు. సముద్రపు నీళ్లతోనే కడిగి పడవ వాళ్లకు చూపించండి. ఊపిరికి ఇబ్బంది అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో హేవలాక్‌లోనే ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. అలాంటివి అరుదు. కానీ హెచ్చరిక బోర్డు ఉన్నచోట, మడ అడవుల పక్కన, చీకటి పడే వేళ నీళ్లలోకి దిగవద్దు. మీ అమ్మాయికి వీపున గాలి సిలిండరు కట్టుకుని లోతుకు దిగే స్కూబా డైవింగ్ కూడా చేయాలని ఉంటే అది ప్రయాణం మొదట్లోనే పెట్టుకోమనండి. స్కూబా తరువాత 18 గంటలైనా గడవకుండా విమానం ఎక్కకూడదు. స్నార్కెలింగ్‌కు ఆ నియమం లేదు.

ఇక ఆ రోజు మీరు చేయవలసింది చెబుతాను. పడవ ఆగగానే మీవారినీ పిల్లలనూ ముందు దిగనివ్వండి. వాళ్లతో ఒక మనిషి వెళ్తాడు. రెండో మనిషిని మీ దగ్గర ఉండమనండి, "నాకు భయం, నెమ్మదిగా దిగుతాను" అని నోరు తెరిచి చెప్పండి. సిగ్గుపడవద్దు, వాళ్లకిది రోజూ వినే మాటే. మెట్ల మీద కూర్చోండి. టబ్బులో చేసినట్టే ముఖం ఒక్కటే ముంచండి. చేయి మెట్టు మీదే ఉండనివ్వండి. గంట పట్టినా పట్టనివ్వండి, ఆ రోజుకు ఆ పడవ మీ ఇంటివాళ్లదే. చివరికి మెట్టు వదలకుండానే చూసినా సరే, చేపలు మెట్ల దాకా వస్తాయి.

ఒక్కటి మరిచిపోయాను. ఆ ఉదయం తలకు కొబ్బరినూనె, ముఖానికి క్రీము రాయకండి, మాస్కు జారిపోతుంది. జుట్టు బిగించి జడ వేసుకుని, నుదుటి మీద ఒక్క వెంట్రుక కూడా మాస్కు కింద ఇరుక్కోకుండా అత్తగారిని చూడమనండి.